ఆశన్నను కప్పుకున్న బండి

నేను ఒక ఫ్లెక్సీని అని చెప్పుకోగానే మీరేం చేస్తారో నాకు తెలుసు. తల పైకెత్తి నా మీద ఎవరి బొమ్మ ఉందో చూస్తారు. బొమ్మ నచ్చినవాడిదైతే దండం పెడతారు, నచ్చనివాడిదైతే పక్కకు తిరిగి ఉమ్మేస్తారు. ఆ దండమూ నాది కాదు, ఆ ఉమ్మీ నాది కాదు. ఇన్నేళ్లలో నన్ను నన్నుగా చూసి, "గుడ్డ గట్టిగుంది" అని మెచ్చుకున్న మనిషి ఒక్కతే. ఆమె పేరు గంగామణి. నా కథ సగం ఆమె వల్ల నడిచింది. మిగతా సగం ఆమె అన్న మూతి ముడుచుకోవడం వల్ల నడిచింది.

నేను పుట్టింది ఇచ్చోడ బస్టాండు వెనక ఒక ఇరుకు దుకాణంలో. మిషనులోకి తెల్లటి చుట్టగా వెళ్లాను, అటువైపు నుంచి ఆశన్ననై బయటికొచ్చాను. ఆశన్న మాలెపూర్ సర్పంచి పదవికి నిలబడిన మనిషి, గంగామణికి తోడబుట్టిన అన్న. అసలు ఆశన్న మిషను పక్కనే నిలబడి నన్ను చూసుకుంటూ, "మీసం ఇంక జర నల్లగ రావాలె" అన్నాడు. కాసేపాగి, "పొట్ట జర లోపటికి వొయ్యేటట్టు జెయ్యి" అని కూడా అన్నాడు. మిషను నడిపే ఆయన అలాంటి మొక్కులు రోజూ వింటాడు కాబట్టి నవ్వలేదు. రెండు మీటలు నొక్కి ఆశన్నకు పదేళ్ల వయసూ, అర బస్తా బియ్యమంత బరువూ తగ్గించేశాడు. దేవుళ్లు కూడా ఇంత తొందరగా వరాలివ్వరు. బొమ్మ పక్కన ఆశన్న ఎన్నికల గుర్తు, కత్తెర. ఫ్లెక్సీ మీద కత్తెర అచ్చువెయ్యడమంటే మేక మెడలో కత్తి కట్టడమేనని అక్కడెవరికీ తోచలేదు.

ఊరి మొదట్లో, వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య నన్ను కట్టారు. వచ్చేపోయే ప్రతివాడికీ, బర్రెలకూ, బస్సుకూ కూడా చేతులు జోడించి నిలబడ్డాను. ఓట్లు పడ్డాయి. ఆశన్న ఓడిపోయాడు. చిత్తుగా ఓడిపోయి ఉంటే మరిచిపోయేవాడేమో, కొద్దిలో ఓడిపోయాడు. కొద్దిలో ఓడిపోయినవాడు ఊళ్లో కనబడిన ప్రతి ముఖంలోనూ ఆ కొద్దిని వెతుక్కుంటాడు.

నాతోపాటు పుట్టిన ఆశన్నల్లో ఒకడు గడ్డివాము మీదికి ఎక్కాడు, ఒకడు స్నానాల దడికి అడ్డం నిలిచాడు, ఒకడు గెలిచినవాళ్ల చలిమంటలోకి పోయాడు. నన్ను మాత్రం ఆశన్న స్వయంగా విప్పి, ముఖం మీద మడత పడకుండా జాగ్రత్తగా మడిచి, చెల్లెలింటికి తెచ్చాడు.

"చెల్లె, భద్రంగ పెట్టు. మళ్ల ఎలక్షన్లకు పనికొస్తది," అన్నాడు.

గంగామణి నా అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, ఇందాక నేను చెప్పిన ఆ మాట అని, నన్ను తీసుకెళ్లి పత్తి కుప్ప మీద పెట్టింది.

పత్తి కుప్ప ఇంట్లోనే ఉంది. ఆదిలాబాదు వైపు పల్లెల్లో చలికాలమంటే ఇంటికి పత్తి అల్లుడొచ్చినట్టే. చేన్లో ఏరిన పత్తిని, మంచి ధర వచ్చేదాకా ఇంట్లో పోసుకుని కూర్చుంటారు. దానికి నడింట్లో చోటిచ్చి మనుషులు గోడవారన ఒదిగి పడుకుంటారు. గంగామణి ఇంట్లో ఉన్నదే ఒక గది, ఒక వసారా. గది నిండాక పత్తి వసారాలోకి వచ్చింది. అన్నాళ్లూ వసారాలో హాయిగా నిద్రపోయిన మోటారు సైకిల్ వాకిట్లోకి పోయింది.

బండి గంగామణి మొగుడు భోజన్నది. ఎర్రటి బండి, రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలు. రోజూ పొద్దున్నే భోజన్న ఊరందరి పాలు క్యాన్లకెత్తుకుని పెద్ద రోడ్డు మీద ఆగే డెయిరీ వ్యానుకు అందించేవాడు. గెలిచిన సర్పంచి ఇంటి పాలూ, ఓడిన ఆశన్న ఇంటి పాలూ ఒకే క్యాన్లో పడేవి. పాలకు ఆ పట్టింపు లేదు.

ఆదిలాబాదు చలి సంగతి పేపరు చదివేవాళ్లకు అంకెగా తెలుసు. మాలెపూర్ వాళ్లకు ఎముకగా తెలుసు. రాత్రంతా మంచు కురిసి, తెల్లారేసరికి బండి సీటు పిండితే నీళ్లు కారేటట్టు ఉండేది. భోజన్న మొదట గోనెసంచులు కప్పాడు. అవి మంచుకు తడిసి బండికన్నా బరువెక్కాయి. తర్వాత గంగామణి పాత చీరె కప్పాడు. మంచులో దూరం నుంచి చూసినవాళ్లు, భోజన్న వాకిట్లో ఎవరో కొత్తకోడలు అలిగి కూర్చుందనుకున్నారు. ఒక ముసలామె దగ్గరికొచ్చి, "లోపటికి పో బిడ్డా, సలి పెడ్తది," అని బుజ్జగించింది కూడా. చీరె కూడా తడిసేదే.

ఒకరోజు బండి అసలు లేవలేదు. భోజన్న కిక్కు కొట్టి కొట్టి చలికాలంలో చెమట పట్టించుకున్నాడు గానీ, వ్యాను వెళ్లిపోయింది. క్యాన్లు ఇంటికి తిరిగొచ్చాయి. ఆ రోజు ఊళ్లో ఎవరింట్లో చూసినా పాయసమే, ఎవరి నోట్లో చూసినా తిట్లే. డెయిరీ వాళ్లు ఒకటే మాట చెప్పి పంపారు: ఇంకోసారి ఇలా అయితే ఈ ఊరికోసం వ్యాను ఆగదు. భోజన్న ముఖం ఎండిన సొరకాయలా అయింది. పాలు తీసుకుపోవడం ఆగితే తన ఇంటికే కాదు, బర్రెలున్న ప్రతి ఇంటికీ ఆ చలికాలం గడవదు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం ఆయన కళ్లు పత్తి కుప్ప మీద నా దగ్గర ఆగాయి.

"వద్దయ్యా, అన్న దాసిపెట్టుమన్నడు," అంది గంగామణి.

"దాసిపెట్టుడే గదనే. లోపట ఉంటే ఎలుకలు కొడ్తయి. బండి మీద ఉంటే రోజూ మన కండ్ల ముంగట ఉంటది," అన్నాడు భోజన్న. అన్యాయమైన పని చెయ్యబోయేవాడికి వచ్చినంత చక్కటి తర్కం న్యాయమూర్తులకు కూడా రాదు.

అలా నేను బండినెక్కాను. భోజన్న నన్ను హ్యాండిల్ నుంచి వెనక దీపం దాకా లాగి, నేలకు ఆనించి, చుట్టూ తాడుతో బిగించి, అంచుల మీద రాళ్లు పెట్టాడు. గాలి కూడా చొరబడని కట్టుదిట్టం. ఆశన్న తల సీటు మీదికి వచ్చింది, జోడించిన చేతులు ముందు దీపం మీదికి వచ్చాయి. దాంతో బండి బోర్లా పడి ఊరికి మొక్కుతున్నట్టుండేది.

పొద్దున్నే నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆగి చూసేవారు. "పాపం, ఓడినంక గూడ దండం పెట్టుడు మానలే," అనేవారు. పక్కింటి కోడిపుంజు తెల్లారగట్ల ఆశన్న నెత్తికెక్కి కూసేది. అంతకు ముందు దాని కూత ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఇప్పుడు నవ్వుకోవడానికైనా లేచేవారు. ఒక కుక్క సంగతి చెప్పను. కుక్క చేసిన పని కుక్క చేసింది.

నాకు మాత్రం గర్వంగానే ఉండేది. మంచు చుక్క నా మీద పడి జారిపోయేదే గానీ లోపలికి ఒక్కటి రాలేదు. అయితే కొన్నాళ్లకు నా కడుపు తడిగా ఉందని గమనించాను. పై నుంచి వచ్చిన తడి కాదది. కింద నేలలోని చెమ్మ రాత్రిపూట ఆవిరై లేచి, పోవడానికి దారి లేక నా లోపలి వైపు అతుక్కుని, చుక్కలు చుక్కలుగా బండి మీదే రాలుతోంది. బయటి మంచును ఆపి, లోపల నేనే వాన కురిపిస్తున్నాను. చెప్దామంటే నోరు లేదు. ఉంది గానీ, అది ఆశన్న నోరు, నవ్వడానికి మాత్రమే అచ్చువేసినది.

ఈలోగా సంగతి ఆశన్న చెవిన పడనే పడింది. గెలిచిన వర్గం వాళ్లెవరో పుంజు కూర్చున్నప్పుడు చూసి ఫొటో తీశారు. అది ఊళ్లోని ఫోన్లన్నీ తిరిగింది. ఆశన్న చెల్లెలింటికి రావడం మానేశాడు. ఆ వీధి వదిలి చుట్టూ తిరిగి చేనికి పోయేవాడు. పాలు మాత్రం భార్య చేత పంపేవాడు. మనిషికి రోషం ఎంతున్నా బర్రె పొదుగు ఆగదు కదా.

కోపం ఎన్నాళ్లు మాగిందో గానీ, ఒక పొద్దున పండింది. మంచు దట్టంగా ఉంది. అప్పుడే ఇంటింటి పాలూ వచ్చాయి, క్యాన్లు మూతలు పెట్టి సిద్ధంగా ఉన్నాయి, భోజన్న నా తాళ్లు విప్పి రాళ్లు తియ్యడానికి వంగాడు. మంచులోంచి మంకీ క్యాపు, దుప్పటి, వాటి మధ్య ఒక మీసం నడుచుకుంటూ వచ్చాయి. అసలు మీసం నా మీసమంత నల్లగా లేదు. పొట్ట కూడా దాని చోటికి అది వచ్చేసింది.

"బావా," అన్నాడు ఆశన్న. చెల్లెలి మొగుడు కాబట్టి ఆయనా, భార్య అన్న కాబట్టి ఈయనా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. తిట్టుకునేటప్పుడు కూడా. "బావా, నా మొఖం నీకు బండి తుడుసుకునే గుడ్డ లెక్క కనిపిస్తుందా?"

"తుడుస్తలేను బావా, కప్పుతున్న."

"కుక్కలు ఉచ్చ పోస్తున్నయట గదా."

"కుక్కకు ఓటు లేదు బావా. దాన్ని పట్టించుకుంటవా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆశన్న రాళ్లను కాలితో తన్ని, నా అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. నేను ఎగిరి వచ్చాను. లోపల పోగైన నీళ్లన్నీ ఒక్కసారిగా ఆయన మీద కుమ్మరించాను. చల్లటి నీళ్లు. దుప్పటి, క్యాపు, మీసం అన్నీ తడిశాయి. నేను కావాలని చెయ్యలేదు.

భోజన్న నవ్వలేదు. రోజూ మసకచీకట్లో తొందరపడి ఎక్కిపోయే బండిని ఇప్పుడు నిలబడి చూస్తున్నాడు. చైను ఎర్రగా తుప్పుపట్టింది. ట్యాంకు కింద రంగు ఉబ్బి పొరలుగా లేస్తోంది. సీటు కింది నుంచి తెల్లగా పత్తి బయటికొచ్చింది. ఎలుక ఒకటి ఇంట్లోంచి పత్తి మోసుకొచ్చి అక్కడ కాపురం పెట్టినట్టుంది. ఆయన గబగబా కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బండి దగ్గింది గానీ లేవలేదు.

"ఇయ్యాల గూడ వ్యాన్ వోతే అయిపోయినట్టే," అన్నాడు. ఆ గొంతు విని ఆశన్న తిట్టబోయిన తిట్టు మింగేశాడు.

గంగామణి వాకిట్లోకి వచ్చింది. అన్న తడిసి ఉన్నాడు, మొగుడు తెల్లబోయి ఉన్నాడు, నేను బురదలో వెల్లకిలా పడి నవ్వుతున్నాను. ఆమె ముగ్గురినీ చూసింది.

"గాలి ఆడకుంట కట్టినవు. దుప్పటి ముసుగు బెట్టుకుంటే మనిషికే సెమట వడ్తది, బండికి వట్టదా?" అని మొగుణ్ని అడిగింది. తర్వాత అన్నవైపు తిరిగింది. "నువ్వేమో మొఖం మాడ్సుకొని ఊరు సుట్టు తిరుగుతవు. మొఖం సంగతి తర్వాత సూద్దాం. క్యాన్ల నీ పాలు గూడ ఉన్నయి. ముందుగాల పట్టుండ్రి ఇద్దరు."

భోజన్న ప్లగ్గు విప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని పమిట చెంగుతో తుడిచి, నీళ్ల పొయ్యి దగ్గరికి తీసుకుపోయి, నిప్పుల పక్కన పెట్టి వేడి చేసి, పట్టుకారుతో పట్టుకొచ్చి ఇచ్చింది. ఆశన్న ఎలుక కాపురాన్ని పీకేశాడు. సీటు నానిపోయి ఉంది. కూర్చుంటే లుంగీ తడుస్తుంది. ఆశన్న చుట్టూ చూశాడు. నన్ను తీశాడు. నాలుగు మడతలు పెట్టి సీటు మీద వేశాడు. పై మడతలో సరిగ్గా ముఖమే వచ్చింది. ఆయన అది చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత నా మీద కూర్చున్నాడు.

రాజకీయాల్లో మనిషి తన ముఖం మీద తానే కూర్చోవడం కొత్తేం కాదని తర్వాత చాలామంది అన్నారు. కానీ ఇంత మంచి పనికోసం కూర్చున్నవాణ్ని నేను ఒక్కణ్నే చూశాను.

వీధి కల్వర్టు దాకా పల్లంగా ఉంటుంది. భోజన్న హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆశన్న మళ్లీ దిగి వెనక నుంచి నెట్టాడు, గంగామణి ఒక క్యాను కదలకుండా పట్టుకుని పరుగెత్తింది. బండి రెండుసార్లు తుమ్మి, పొగ కక్కి, లేచింది. ఆశన్న పరుగెత్తుతూనే ఎగిరి నా మీద పడ్డాడు.

దారిలో భోజన్నను నంబరు అడిగి వ్యాను డ్రైవరుకు ఫోన్ చేశాడు. "మునీర్, నేను ఆశన్నను మాట్లాడుతున్న."

"ఏ ఆశన్న?"

"మాలెపూర్ ఆశన్న. సర్పంచి ఎలక్షన్ల నిలబడ్డ..."

"నాకెర్కలే. పాలు తెస్తున్నరా లేదా, గది జెప్పు."

ఆశన్న గొంతు సవరించుకున్నాడు. ఎన్నికలు అయ్యాక మొదటిసారి ఆయన తన పేరు పక్కన పెట్టి మాట్లాడాడు. "తెస్తున్నం అన్నా. జర ఆగు. ఊరందరి పాలు."

"జల్ది రాండ్రి," అన్నాడు మునీర్.

వ్యాను ఆగే ఉంది. పాలు వాసన చూశారు, పరీక్ష చేశారు, పోసుకున్నారు. ఆశన్న ఊరట పడటం నాకు తెలిసింది. అంతసేపూ రాయిలా బిగుసుకుని కూర్చున్న మనిషి నా మీద మెత్తబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ క్యాన్లు గడగడలాడుతున్నాయి. చేలమీద మంచు విడుతోంది. కొంత దూరం పోయాక ఆశన్న అడిగాడు.

"బావా, ఒక్క మాట అడుగుత. అబద్దం జెప్పద్దు. ఓటు నాకేసినవా?"

భోజన్న బండి వేగం తగ్గించాడు. గుంత ఏదీ లేదు అక్కడ.

"ఎయ్యలే," అన్నాడు.

ఆశన్న బరువు ఒక్కసారిగా పెరిగినట్టు నాకనిపించింది. "ఎందుకు?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. దెబ్బ తగిలినచోట వేలుపెట్టి చూసుకునేవాడి గొంతది.

"గెలిస్తే నువ్వు మా ఇంటికి వచ్చుడు బంద్ జేస్తవని భయమేసింది. గెలిసినోడు ఎవడన్న సెల్లె ఇంట్ల జొన్న గడ్క తినుకుంట కూసుంటడా?"

"ఓడిపోయినంక గూడ బంద్ జేసిన గద."

"గదే మరి," అన్నాడు భోజన్న. "నా ఓటు ఉత్తగ పోయింది."

తర్వాత నా మీద ఏదో కదిలింది. ఆశన్న పొట్ట. నవ్వు పొట్టలో మొదలై భుజాల్లోకి పాకి, బండంతా ఊగింది. భోజన్న కూడా నవ్వాడు. ఇద్దరూ కింద పడిపోతారని నాకు భయమేసింది. ఇంటి ముందు దిగాక ఆశన్న కళ్లు తుడుచుకుని, "చెల్లె, గడ్క ఉన్నదా?" అని అడిగాడు. గంగామణి రెండు గిన్నెలు తెచ్చి పెట్టింది. అన్న తినేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు ఆశన్న తన చేని గట్టు నుంచి వెదురు నరికి తెచ్చాడు. గోడవారగా నాలుగు గుంజలు పాతారు. బండి కింద చెమ్మ ఎక్కకుండా ఇటుకలు పరిచారు. నన్ను పైన కప్పుగా వేసి, మంచు జారిపోయేటట్టు ఏటవాలుగా కట్టారు. చుట్టూ ఏమీ కట్టలేదు, గాలి అటు నుంచి ఇటు పోతుంది. రాత్రిపూట చైనుకు నూనె గుడ్డ రుద్దడం, పొద్దున సీటు తుడవడం భోజన్నకు అలవాటైంది. నన్ను ఎక్కించేటప్పుడు బొమ్మ పైకా కిందికా అని భోజన్న అడిగాడు. కిందికైతే ఆశన్న పైనుంచి తననే చూస్తుంటాడు, బండి రిపేరు చేసుకోవడం కష్టమని కూడా అన్నాడు.

"పైకి పెట్టు," అన్నాడు ఆశన్న. "కాకులకు మొక్కుకుంట ఉంటా."

ఆ చలికాలం బండి మళ్లీ మొరాయించలేదు. పత్తి అమ్ముడుపోయి వసారా ఖాళీ అయ్యాక కూడా బండి నా కిందే ఉండిపోయింది. పొద్దున్నే అక్కడ ఎండపొడ పడుతుంది కాబట్టి మనుషులు కూడా వచ్చి చేరారు. ఆశన్న తన చాయ్ గ్లాసు తెచ్చుకుని ఇటుకల మీద కూర్చునేవాడు. ఊరి తగాదాలు కొన్ని అక్కడే తీరాయి. సర్పంచి దగ్గరికి పోతే పంచాయితీ అవుతుంది, ఇక్కడికి వస్తే చాయ్ దొరుకుతుంది అనేవారు.

ఎండలు వచ్చాయి, వానలు వచ్చాయి. మొదట నా మీసం పోయింది. తర్వాత కత్తెర పోయింది, నాకు కాస్త ధైర్యం వచ్చింది. అక్షరాలు రాలిపోయాయి. రెండు చలికాలాలు గడిచేసరికి తెల్లటి మరకలో మరకలా ఒక ముఖం మిగిలింది. పైనుంచి చూస్తే అదీ కనబడదు. పొద్దుటి ఎండ నాలోంచి దిగినప్పుడు మాత్రం కింద కూర్చున్నవాళ్లకు లీలగా, తిరగబడి కనిపించేది.

మొన్న ఒక పొద్దున వ్యాను డ్రైవరు మునీర్ వచ్చాడు. భోజన్న బర్రె దూడను అమ్ముతాడని విని చూసిపోవడానికి వచ్చాడు. చలికి చేతులు రుద్దుకుంటూ ఆశన్న పక్కన కూర్చున్నాడు. ఎండ దిగింది. మునీర్ తల పైకెత్తాడు.

"పైన ఎవనిదో ఫొటో ఉన్నట్టుంది. ఎవరు అన్నా, గాయన?"

భోజన్న బండి కింద వంగి చైను తుడుస్తున్నాడు. తుడవడం ఆపాడు.

ఆశన్న కూడా పైకి చూశాడు. తీరిగ్గా చూశాడు. నేనూ ఆయనా చాలాకాలానికి ఎదురెదురుగా చూసుకున్నాం.

"ఎవడో," అన్నాడు. "ఎలక్షన్ల ఓడిపోయినోడు."

"పాపం. ఇప్పుడేం జేస్తుండు?"

"ఏం జేస్తడు," అన్నాడు ఆశన్న, గ్లాసు ఎత్తుతూ. "చాయ్ తాగుతుండు."

మునీర్‌కు అర్థం కాలేదు. బండి కింద నుంచి భోజన్న నవ్వు మాత్రం వినబడింది. మిగిలిన ఈ కాస్త ముఖం కూడా వచ్చే ఎండలకు పోతుంది. పోనీ, కప్పుకు ముఖం ఎందుకు?